బేస్, ట్రెబుల్ తిప్పితే తప్పా?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఖరీదైన మ్యూజిక్ సిస్టమ్‌ల మీద వచ్చిన వ్యాసం చదివాను. బాగానే ఉంది గానీ, నిజమైన సంగీతాభిమాని బేస్ (లావు శబ్దం), ట్రెబుల్ (సన్న శబ్దం) పెంచే, తగ్గించే నాబ్‌ల జోలికి పోడు అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆ మాట నమ్మి డబ్బు పోసినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం.

మాది ఒంగోలు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి, ఇంట్లో వద్దంటున్నా, ఒక యాంప్లిఫయరు, నిలువెత్తు స్పీకర్ల జత కొన్నాను. ముందు భాగంలో వాల్యూమ్ తప్ప చేతికి తగిలేది ఏమీ లేదు. బేస్, ట్రెబుల్ ఏవయ్యా అంటే, "ఈ రేంజ్‌లో అవి ఉండవు సార్, సిగ్నల్ పాడవుతుంది" అన్నాడు షాపతను, నేనేదో అడగరానిది అడిగినట్టు. ఆయన వినిపించిందేమో తివాచీ, పరదాలు ఉన్న ఏసీ గదిలో.

ఇంటికి తెచ్చి ఘంటసాల పద్యం పెట్టాను. 'స', 'శ' వచ్చిన చోటల్లా చెవిలో పుల్ల పెట్టి గుచ్చినట్టే ఉంది. మా హాల్లో కింద చీమకుర్తి గ్రానైటు, మొహం కనపడేంత పాలిష్, ఒక పక్కంతా అద్దాల కిటికీలు, గోడలకి క్యాలెండర్ తప్ప ఇంకేం లేదు. మా వైపు చాలా ఇళ్లు ఇంతే. శబ్దం ఎటు పోయినా తిరిగి మన మీదికే వస్తుంది. పాట మొదలవగానే మా ఆవిడ వంటింటి తలుపు వేసుకునేది. పాత బొంత ఒకటి పరిచి చూశాను, కొంచెం నయం, అంతే.

బేస్ సంగతి ఇంకా ఘోరం. హాలు పొడవు 12 అడుగులు. అంత పొడవున్న గదిలో సుమారు 47 హెర్ట్జ్ శబ్దం, అంటే సెకనుకి 47 సార్లు కంపించే లావు శబ్దం, రెండు గోడల మధ్యా తిష్ఠ వేస్తుంది. ఫోన్‌లో కోరిన హెర్ట్జ్‌లో శబ్దం చేసే టోన్ యాప్ వేసి, సిస్టమ్‌కి కలిపి, అంకె మెల్లగా పెంచుకుంటూ పోతే సరిగ్గా ఆ దగ్గర్లోనే షోకేసులో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. గోడకి ఆనుకుంటే గుండెల్లో మోత, హాలు మధ్యకొస్తే ఆ మోత మాయం. స్పీకర్లు ఎంత పెట్టి కొన్నా గోడలు జరగవు కదా!

సిగ్నల్‌ని ముట్టుకోకూడదనే వాళ్లలో నా స్నేహితుడొకాయన, కావలి ఆయన, ఎల్పీ రికార్డులు తప్ప వినడు, ఈక్వలైజర్ (లావు, సన్న శబ్దాల్ని విడివిడిగా పెంచి తగ్గించేది) అంటే కల్తీ అంటాడు. అసలు రికార్డు మీద గాడి కోసేటప్పుడే బేస్ బాగా తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు, లేకపోతే గాడి వెడల్పై పక్క గాడి మీదికి పోతుంది. వినేటప్పుడు యాంప్లిఫయర్‌లో రికార్డుల కోసం ఉండే ఫోనో సర్క్యూట్ దాన్ని తిరగేసి సరిచేస్తుంది. 1954లో రియా (RIAA, అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క కుదిరాక ఎల్పీలు నడిచేది ఆ పద్ధతిలోనే. అంటే ఆయన వినే ప్రతి పాటా ఈక్వలైజర్ దాటి వచ్చిందే. ఈ మాట చెప్పినందుకు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

మన చెవి కూడా అన్ని శబ్దాలనీ ఒకేలా వినదు, వాల్యూమ్ తగ్గేకొద్దీ బేస్ ముందు మాయమవుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి పిల్లలు పడుకున్నాక చిన్నగా పెట్టుకుని వినేవాడు బేస్ కాస్త పెంచితే తప్పేముంది? లక్స్‌మన్, అక్యూఫేజ్, మెకింతోష్ లాంటి పేరున్న కంపెనీల యాంప్‌లలో ఇప్పటికీ ఈ నాబ్‌లు ఉన్నాయి, వద్దనుకుంటే పక్కకి తప్పించే స్విచ్ కూడా పెడుతున్నారు.

అలాగని కుర్రాళ్లలాగా రెండు చివర్లూ పైకి తోసి, మధ్యలో గుంట పెట్టమని కాదు. శబ్దాన్ని 3 డెసిబెల్స్ (శబ్దం కొలిచే లెక్క) పెంచితే రెట్టింపు పవరు, 10 పెంచితే పది రెట్లు కావాలి, ట్వీటర్లు (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) ఊరికే కాలవు. హాలు మధ్యలో మాయమైన బేస్‌ని పెంచి లాభం లేదు, కుర్చీ జరపాల్సిందే. మామూలు బేస్ నాబ్‌తో ఒక్క 47నే పట్టుకోలేం కూడా. అందుకే విడిగా, కావలసిన హెర్ట్జ్ దగ్గర మాత్రమే పెంచి తగ్గించే పారామెట్రిక్ ఈక్వలైజర్ ఒకటి కొని, అక్కడ సన్నగా 6 డెసిబెల్స్ కోశాను, ట్రెబుల్ 2 తగ్గించాను.

గ్లాసులు ఇప్పుడు మోగట్లేదు. వంటింటి తలుపు కూడా తెరిచే ఉంటోంది, పాట కోసమో ఉక్కపోతకో నేనైతే అడగలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు