బండి మీద ఫోన్ గురించి

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం ఒకాయన హెల్మెట్‌లో ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతూ, ఇండికేటర్ వేయకుండానే మన గేటులోకి తిప్పేశారు. వెనకాల స్కూటీ మీద వస్తున్న అమ్మాయి సడన్ బ్రేక్ వేసి జారిపడింది. మోచెయ్యి గీరుకుపోయింది, టిఫిన్ బాక్స్ కాలువలో పడింది. ఆయన వెనక్కి కూడా చూడలేదు. పేరు చెప్పను, మన బ్లాక్ మనిషే.

60 కిలోమీటర్ల స్పీడులో 3 సెకన్లు మెసేజ్ చూస్తే బండి 50 మీటర్లు వెళ్లిపోతుంది. అంత దూరం కళ్లు మూసుకుని నడిపినట్టే. బ్లూటూత్ ఉందిగా అంటారు కొందరు. చేతులు ఖాళీయే, బుర్ర ఎక్కడుంటుంది?

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. మనిషి బండి మీద ఉన్నాడని తెలిస్తే వెంటనే కాల్ కట్ చేసేయండి. పెరుగు ప్యాకెట్ సంగతి ఇంటికొచ్చాక చెప్పొచ్చు, కొట్టు కిందేగా.