పిల్లి వీపు అదురుతోందని కుక్క మందు పోయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ప్రశాంతంగా కూర్చున్న పిల్లి ఉన్నట్టుండి వెనక్కి తిరిగి తన తోక మొదలు వైపు చూస్తుంది. నడుము మీద చర్మం అలలు అలలుగా కదులుతుంది. కనుపాపలు పెద్దవవుతాయి, తోక విసురుగా కొట్టుకుంటుంది. రెండుమూడు సార్లు నడుం నాకి, కొరికి, ఎవరో తరుముతున్నట్టు గదిలోంచి పరుగు తీస్తుంది. నిమిషం గడిచాక ఏమీ ఎరగనట్టు వచ్చి గిన్నె దగ్గర నిలబడుతుంది. ఇది చూసిన ఇళ్లలో దానికేదో కనబడిందని ఒకరు, పిచ్చెక్కిందని ఇంకొకరు, పురుగులు పట్టాయని మరొకరు అంటుంటారు. ఆ చివరి మాట చాలాసార్లు నిజమే. అయితే అది పట్టుకుని షాపుకు పరుగెత్తి, కుక్కకు వాడే మందే పిల్లి మెడ మీద పోస్తున్నారు. ముందుగా చెప్పాల్సింది దాని గురించే.

కుక్కల ఫ్లీస్‌కీ (బొచ్చులో ఉండి రక్తం పీల్చే గెంతుడు పురుగులు) గోమార్లకీ అమ్మే చాలా పిపెట్లలో (మెడ మీద పోసే చిన్న మందు గొట్టాలు) పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరగ్గొట్టి బయటకు పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైములు చాలా తక్కువ కాబట్టి మందు ఒంట్లోనే ఉండిపోయి నరాలను అదుపు తప్పిస్తుంది. పోసిన కొన్ని గంటల్లో చెవులు, మూతి అదరడం మొదలవుతుంది. తర్వాత ఒళ్లంతా వణుకు, తూలు నడక, చివరికి ఫిట్స్. వీపు అదురుతోందని తెచ్చిన మందే పిల్లిని మూర్ఛలోకి దించుతుందన్నమాట. పిల్లులకూ వాడే ఫిప్రోనిల్ అనే మందుతో పర్మెత్రిన్ కలిపినవి కూడా మార్కెట్లో ఉన్నాయి. డబ్బా మీద 'ఫిప్రోనిల్' అన్న పెద్దక్షరాలు చూసి ఇది పిల్లులకూ మంచిదేగా అనుకోవడం ఇక్కడే ప్రమాదం. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లన్నీ చదవాలి. పిల్లి బొమ్మ లేని డబ్బా పిల్లికి వద్దు. ఇంట్లో కుక్కకు పర్మెత్రిన్ పోస్తే మందు పూర్తిగా ఆరేదాకా, వీలైతే మూడు రోజులపాటు, పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకూడదు.

పొరపాటున పోసేస్తే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో మెడ, వీపు కడిగి తుడిచి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేడినీళ్లు వాడితే చర్మానికి రక్తప్రసరణ పెరిగి మందు ఇంకా లోపలికి దిగుతుంది. చన్నీళ్లతో ఒళ్లు చల్లబడి వణుకు ఎక్కువవుతుంది. ఖాళీ పిపెట్‌నీ డబ్బానీ వెంట తీసుకెళ్లండి, ఏ మందో వైద్యుడికి తెలియడమే సగం చికిత్స. వేళకు చేరిస్తే కండరాల బిగువు తగ్గించే మందులతో ఎక్కువ పిల్లులు రెండుమూడు రోజుల్లో తేరుకుంటాయి.

వంటింటి వైద్యాల సంగతీ ఇంతే. కిరోసిన్, కర్పూరం కలిపిన నూనె, డెటాల్ నీళ్లు, మనుషుల గజ్జికి వాడే బెంజైల్ బెంజోయేట్ లోషన్, వీటిలో ఏదీ పిల్లికి పడదు. ఒంటికి రాసిందల్లా నాకి మింగడం పిల్లి నైజం. నొప్పేమోనని పారాసిటమాల్ ముక్క వేయడం అన్నిటికన్నా ఘోరం. 500 మి.గ్రా. బిళ్ల ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. ఇక పురుగులకని పశువులకిచ్చే ఒక శాతం ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ పల్లెల్లో చేతికి తేలిగ్గా దొరుకుతుంది. మూడు కిలోల పిల్లికి దానిలో పట్టేది 0.1 మి.లీ. అటూఇటుగా. గేదెలకు వాడే సిరంజితో అంత తక్కువ కొలవడం కుదిరే పని కాదు.

మరి ఫ్లీస్ ఉన్నాయో లేదో తెలిసేదెలా? కళ్లకు కనబడలేదంటే లేవని కాదు. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటూ దొరికిన పురుగునల్లా మింగేస్తుంది. ఫ్లీ ఉమ్మి ఒంటికి పడని పిల్లికైతే ఏ కొద్ది కాట్లో పడినా నడుమంతా దురదే. పళ్లు దగ్గరగా ఉన్న పేల దువ్వెనతో తోక మొదలు దగ్గర, తొడల వెనక, మెడ కింద చర్మాన్ని తాకేలా దువ్వాలి. దువ్వెనకు అంటిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్లకాగితం మీద దులిపి రెండు నిమిషాలు ఆగండి. నలుసు చుట్టూ ఎర్రటి, తుప్పు రంగు చెమ్మ వ్యాపిస్తే అది ఫ్లీ విసర్జన, అంటే అరిగిన రక్తం. మట్టయితే రంగు మారదు. దువ్వెనలో పురుగే దొరికితే, రెండు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు, పక్కలకు నొక్కినట్టుంటుంది, వేళ్ల మధ్య నలిపినా చావదు, వదిలితే గెంతుతుంది. సబ్బు నీళ్లలో వేయాలి. మలద్వారం దగ్గర వెంట్రుకలకు బియ్యపు గింజల్లాంటి ముక్కలు అంటుకుని కనబడినా అనుమానించాల్సిందే. అవి బద్దెపురుగు ముక్కలు. ఫ్లీని మింగితేనే ఆ రకం బద్దెపురుగు పిల్లి పేగులోకి చేరుతుంది.

ఎనిమిది వారాలు దాటి, కిలోకు పైగా బరువున్న పిల్లికి పిల్లుల ఫిప్రోనిల్ పిపెట్ 0.5 మి.లీ. ఉంటుంది. వెంట్రుకలు పాయ తీసి, పుర్రె దిగువన మెడ వెనక, నాలుక అందని చోట చర్మం మీద పడేలా పోయాలి. చాలామంది బొచ్చు మీద పోస్తారు. అప్పుడు సగం మందు బొచ్చుకే అంటుకుంటుంది, మిగతాది పక్క పిల్లి నాకి నోట్లోంచి నురగ కక్కుతుంది. పోయడానికి రెండు రోజుల ముందు, పోశాక రెండు రోజులు స్నానం వద్దు. ఫిప్రోనిల్ ఫలితమివ్వకపోతే సెలమెక్టిన్, ఫ్లూరలానర్ లాంటివి వైద్యుడు సూచిస్తారు.

"పోశాం, వారానికే మళ్లీ పురుగులొచ్చాయి, మందు నకిలీది" అన్న ఫిర్యాదు తరచూ వింటాం. నకిలీలు లేవని అనలేం. కానీ అసలు కారణం చాలాసార్లు నేల మీద ఉంటుంది. ఒంటి మీద కనబడే పెద్ద పురుగులు మొత్తం సంతతిలో ఐదు శాతమే. మిగతాదంతా గుడ్లు, లార్వాలు, గూళ్లుగా (లార్వా పురుగుగా మారేందుకు అల్లుకునే పొర) సోఫా కింద, పరుపు మడతల్లో, డోర్‌మ్యాట్ అడుగున ఉంటుంది. ఒక్కో ఆడ ఫ్లీ రోజుకు నలభై దాకా గుడ్లు పెడుతుంది, అవి జారి నేల మీద పడతాయి. గూట్లో ఉన్నదానికి ఏ మందూ తగలదు. నెలల తరబడి అక్కడే ఉండి, అడుగుల చప్పుడుకీ ఒంటి వెచ్చదనానికీ బయటకొస్తుంది. వానాకాలపు ఉక్కపోతలో మూడు నాలుగు వారాల్లో కొత్త తరం తయారు. అందుకే ఇంట్లో ఉన్న కుక్క, పిల్లులన్నిటికీ ఒకే రోజున, దేని మందు దానికి, మూడు నెలలు వరసగా వేయాలి. పక్కబట్టలు వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. వాక్యూమ్ ఉంటే సోఫా సందులు, గోడ మూలలు లాగి, ఆ సంచిని వెంటనే ఇంటి బయట పారేయాలి. చీపురుతో ఊడిస్తే గుడ్లు ఈ గదిలోంచి ఆ గదిలోకి మారతాయంతే. మూడు నెలలూ పట్టువిడవకుండా చేశాక కూడా వీపు అదురుతుంటే, అప్పుడు వేరే కారణాలు వెతకాలి.

ఎక్కడ గోక్కుంటోందో చూస్తేనే సగం దారి దొరుకుతుంది. నడుము, తోక మొదలు అయితే ఫ్లీస్, లేదా వెన్ను నొప్పి. ముఖం, మెడ అయితే ఆహారం పడకపోవడం కావచ్చు. చెవి అంచుల నుంచి బూడిదరంగు పక్కులు కడుతుంటే గజ్జి పురుగు. అది మనకీ అంటుకుంటుంది. చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి గుల్ల ఉంటే చెవి పురుగు. గుండ్రంగా వెంట్రుకలూడితే తామర. చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే గజ్జి తేలుతుంది. తామరకు ఫంగస్ పరీక్ష వేరుగా చేయాలి. ఆహారం అనుమానమైతే పిల్లి ఎన్నడూ తినని మాంసంతో, లేదా వైద్యుడు రాసే ప్రత్యేక ఆహారంతో ఎనిమిది వారాలు నడపాలి. మధ్యలో ఒక్క రోజు చేప ముక్క విసిరినా, పాలు పోసినా లెక్క మొదటికి వస్తుంది.

ఒక పద్ధతిపై మాకు గట్టి అభ్యంతరం ఉంది. ఏ పరీక్షా లేకుండా 'అలర్జీ ఇంజెక్షన్' పేరుతో దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ వేయడం. దురద రెండుమూడు వారాలు తగ్గుతుంది, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, కారణం అలాగే ఉంటుంది. మళ్లీ మళ్లీ పొడిపిస్తే కొన్ని పిల్లులకు మధుమేహం వస్తుంది. ఇంజెక్షన్ వేయబోతుంటే ఇది స్టెరాయిడా, ఎన్నాళ్లు పనిచేస్తుంది అని అడగండి. అడిగితే తప్పేమీ లేదు.

వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు అన్నిటికన్నా పనికొచ్చేది ఫోన్‌లో తీసిన వీడియో. ఆసుపత్రి బల్ల మీద పిల్లి ఎప్పుడూ బుద్ధిమంతురాలే. ఫోన్ అడ్డంగా పట్టుకుని, ఒళ్లంతా కనబడేలా, మొదలైన దగ్గర నుంచి ముగిసి మామూలయ్యేదాకా తీయండి. ముఖం, కళ్లు తప్పక పడాలి. మధ్యలో పేరు పెట్టి పిలవండి. పలికిందా, చెవి తిప్పిందా అన్నది మూర్ఛకూ మరోదానికీ తేడా చెబుతుంది. మూర్ఛలో పిల్లి పక్కకు పడిపోయి కాళ్లు కొట్టుకోవచ్చు, చొల్లు కార్చవచ్చు, ఉచ్చ పోయవచ్చు, తర్వాత కొంతసేపు మత్తుగా ఉండవచ్చు. ఐదు నిమిషాలు దాటినా, ఒక్క రోజులో రెండోసారి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికే. నిద్రలో మీసాలు, పాదాలు అదిరి, పిలిస్తే లేస్తే అది కల మాత్రమే. నెలల తరబడి వచ్చి పోయేది రేబిస్ కాదు. రేబిస్ రోజుల్లోనే ముదిరి ప్రాణం తీస్తుంది. అయినా టీకాల్లేని, బయట తిరిగే పిల్లి కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి టీకా వేయించుకోవాల్సిందే.

చర్మం, చెవులు, రక్తం, వెన్ను ఎక్స్‌రే, పదేళ్లు దాటితే థైరాయిడ్, ఇవన్నీ చూసి ఏమీ దొరకనప్పుడే 'ఫెలైన్ హైపరెస్తీసియా', అంటే పిల్లి చర్మం అతిగా స్పందించడం, అనే పేరు పెట్టాలి. 1980 నుంచి పశువైద్య గ్రంథాల్లో ఉన్న పేరు ఇది. కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు, పట్టిచ్చే రక్తపరీక్ష కూడా లేదు. ఈగ వాలితే ఆవు ఒళ్లు అదిలిస్తుంది కదా, చర్మం కింద అలాంటి పలుచటి కండరమే పిల్లికీ ఉంది. ఈగ లేకుండానే దానికి ఆజ్ఞ వెళుతోందన్నమాట. దీనికి గాబాపెంటిన్, ఫ్లూవోక్సెటిన్ లాంటి మందులు ఇస్తారు. గాబాపెంటిన్ సాధారణంగా కిలోకు 5 నుంచి 10 మి.గ్రా., అంటే నాలుగు కిలోల పిల్లికి పూటకు 20-40 మి.గ్రా. మందుల షాపులో దొరికేవి మాత్రం 100, 300 మి.గ్రా. క్యాప్సూళ్లు. కొన్నిటిలో నార్‌ట్రిప్టిలిన్ అనే మరో మందు కలిసి ఉంటుంది, అది పనికిరాదు. కాబట్టి పంచి పొట్లాలు కట్టే పని వైద్యుడితోనో ఫార్మసిస్టుతోనో చేయించండి. ఎక్కువైతే పిల్లి తూలుతుంది, పగలంతా పడుకుంటుంది. రోజూ ఇస్తున్నదాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. ఫ్లూవోక్సెటిన్ పట్టుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే పనిచేయలేదని మానేసేవారే ఎక్కువ.

వీపు అదిరే ఆ నిమిషంలో పిల్లిని పట్టుకోకండి, ఎత్తుకోకండి, నీళ్లు చల్లకండి. అదిమితే కరుస్తుంది, తప్పు దానిది కాదు. టీవీ తగ్గించి, పిల్లలను పక్కకు పంపి, కాస్త దూరంగా తాడు బొమ్మ కదిపితే కొన్నిసార్లు ధ్యాస మళ్లుతుంది. నడుం నిమరడం మానేసి గడ్డం కింద, చెవుల దగ్గరే నిమరండి. అన్నం వేళలు మార్చకుండా, రోజుకు రెండుసార్లు పది నిమిషాలు ఆడిస్తే చాలా పిల్లుల్లో ఈ విసురు తగ్గుతుంది. తోక కొరికి రక్తం కారుస్తుంటే మెడకు కోన్ (నోరు తోకకు అందకుండా చేసే గరాటు పట్టీ) పెట్టి అదే రోజు చూపించాలి. ఆలస్యమైతే తోక కోసేయాల్సిన పరిస్థితి వస్తుంది.

హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. దగ్గరున్నవారు అక్కడ చూపించుకోవచ్చు. షాపుల యజమానులకు మా మనవి: కుక్కల పిపెట్లను, పిల్లుల పిపెట్లను ఒకే అరలో పెట్టవద్దు. అమ్మే ముందు "కుక్కకా, పిల్లికా? బరువెంత?" అని అడగండి. కొనేవారు పిల్లికని చెబితే, పర్మెత్రిన్ ఉన్న డబ్బా వెనక్కి పెట్టేయండి.

ఇట్లు,
పెంపుడు జంతువుల వైద్యంలో, సంరక్షణలో ఉన్న కొందరం,
విజయవాడ