‘ఎండార్స్‌మెంట్’ అంటే ఒప్పుకున్నట్లా, కొట్టేసినట్లా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా వీధిలో ఉండే ఒక రైతు పోయిన నెలలో ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ‘మన అర్జీ ఒప్పుకున్నారు సార్, ఇంగ టెన్షన్ లేదు. పాస్‌బుక్కు ఎప్పుడిస్తారో అడిగి చెప్పండి’ అన్నాడు. వన్-బీలో, అంటే రెవెన్యూ వాళ్ల భూమి రికార్డులో, తన పొలం ముప్పై సెంట్లు తక్కువ పడిందని, సరిచేయమని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. కాగితం పైన పెద్ద అక్షరాలతో ‘ఎండార్స్‌మెంట్’ అని ఉంది. కింద నాలుగు వాక్యాలు, అందులో సగం ఇంగ్లీష్. ఇంటర్ చదివే కొడుకు ఆ పెద్ద అక్షరాల మాటకు ఫోన్‌లో అర్థం చూస్తే ‘ఆమోదం’ అని వచ్చిందట. కాగితం వచ్చి అప్పటికే రెండు నెలలు దాటింది. ఇంటిల్లిపాదీ ఆ ధైర్యంతోనే ఉన్నారు. నేను చదివి చూస్తే, అర్జీ తిరస్కరించినట్లు ఉంది. పై అధికారికి అప్పీలు చేసుకోవడానికి ఇచ్చిన గడువు కూడా అయిపోయింది.

ఆ పిల్లవాడిది తప్పు కాదు. నేను చాలా ఏళ్లు ఇంగ్లీష్ పాఠాలు చెప్పాను. తరగతిలో ‘ఎండార్స్’ అంటే ‘సమర్థించు, ఆమోదించు’ అనే చెప్పాను. టీవీలో క్రికెటర్ ఒక సబ్బును మెచ్చుకుంటే దాన్నీ ఎండార్స్‌మెంట్ అనే అంటారు. కానీ ఆ మాట పుట్టుకలో మెచ్చుకోలు లేదు. లాటిన్‌లో ‘డోర్సమ్’ అంటే వీపు. కాగితం వీపున, అంటే వెనకవైపు రాయడమే ‘ఎండార్స్’. ఫ్రెంచి దారిలో ఇంగ్లీష్‌లోకి వచ్చినప్పుడు ‘ఎండాస్’ అని పలికేవారు. తర్వాత పండితులు లాటిన్ మూలాన్ని చూసి అందులో ‘ర’ చేర్చారు. పోలీసులు వాడే ‘డోసియర్’, అంటే ఒకరి వివరాలున్న కాగితాల కట్ట, కూడా ఈ వీపు నుంచి పుట్టిందే.

వెనక ఏం రాశారన్న దాన్ని బట్టి అర్థం మారుతూ వచ్చింది. చెక్కు వెనక సంతకం పెట్టి ఇంకొకరికి ఇస్తే అది ఎండార్స్‌మెంట్. మన దేశంలో చెక్కులకు, ప్రామిసరీ నోట్లకు వర్తించే 1881 నాటి చట్టం ఈ మాటను వివరంగా చెప్పింది. అలా పేరు పెట్టి వెనక నిలబడటం నుంచే ‘సమర్థించు’ అన్న అర్థం వచ్చింది. బ్రిటన్‌లో డ్రైవింగ్ లైసెన్సు మీద ఎండార్స్‌మెంట్ పడిందంటే మాత్రం నేరం నమోదైనట్లు. మన దగ్గర లైసెన్సులో ఇంకో రకం బండిని చేర్పించుకోవడాన్ని కూడా ఎండార్స్‌మెంట్ అంటారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ఉన్న రోజుల్లో నల్లజాతివారు వెంట ఉంచుకోవాల్సిన గుర్తింపు పుస్తకంలో ముద్ర వేసి పట్టణం నుంచి వెళ్లగొట్టేవారు. దాన్ని ‘ఎండార్స్‌డ్ అవుట్’ అనేవారు. ఒకే మాట ఒకచోట మెడలో దండ అయితే ఇంకోచోట మెడపట్టి గెంటడమైంది.

మన రెవెన్యూ ఆఫీసుల్లో ఈ మాటకు ఉన్న అర్థం ‘అర్జీ మీద అధికారి రాసి ఇచ్చే జవాబు’ అని. ఆ జవాబు అవును కావచ్చు, కాదు కావచ్చు. ఆఫీసులో పనిచేసేవాళ్లకు అది తెలుసు. అర్జీ పెట్టినవాడికి ఎలా తెలుస్తుంది? ‘ఎండార్స్‌మెంట్ ఇచ్చి క్లోజ్ చేశాం’ అని ఫోన్‌కు మెసేజ్ వస్తే పని అయిపోయిందనే అనుకుంటాడు.

మా తాత అర్జీ పోతే ‘ఖారీజు చేసినారు’ అనేవాడు. అదీ మన మాట కాదు, పార్సీ రాతల్లోంచి వచ్చింది. అయినా దాని అర్థం ఊళ్లో అందరికీ తెలుసు. ఇప్పుడు ‘కొట్టేశారు’ అంటాం, ‘తిరస్కరించారు’ అంటాం. ఇన్ని మాటలుండగా కాగితం పైన అటూ ఇటూ కాని ఇంగ్లీష్ మాట ఎందుకు? ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. అంతకు చాలా ముందే, 1820లో, బ్రౌన్ దొర ఉద్యోగం మీద మా కడపకు వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు, 1852లో తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు అచ్చు వేయించాడు. ఆయన పేరున భాషా పరిశోధన కేంద్రం కడపలోనే ఉంది. అలాంటి జిల్లాలో ఒక రైతుకు తన అర్జీ గతేమిటో తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

కలెక్టర్ గారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒకటే. అర్జీకి ఇచ్చే కాగితం పైన ‘మీ అర్జీని ఆమోదించాం’ అనో ‘తిరస్కరించాం’ అనో తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. తిరస్కరిస్తే కారణం, అప్పీలు ఎవరికి చేసుకోవాలి, ఏ తేదీలోగా అన్నవి కిందనే రాయాలి. ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లో కూడా అదే మాట ఉండాలి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, కంప్యూటర్‌లో ఉన్న నమూనా మారిస్తే చాలు.

మా వీధి రైతు వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో మళ్లీ అర్జీ ఇస్తున్నాడు. గడువు దాటడానికి కారణం ఆ మాటేనని అందులో రాయించాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీష్ ఉపాధ్యాయుడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా