పందికొక్కు ఇంగ్లీషులోకి దూరిన వైనం

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందు నన్ను తిట్టుకో, తరువాత క్షమించు. దాళ్వా నాట్లు పూర్తయ్యాయి, అమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, నువ్వు అడిగిన పొలం కాగితాల సంగతి మరో ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు మాత్రం హాస్టల్లో నీకు దక్కిన బిరుదు గురించి ఒక విషయం తెలిసింది. అది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

పండగకు మా అన్నయ్య కొడుకు మెల్‌బోర్న్ నుంచి వచ్చాడు. కొబ్బరిచెట్ల మధ్య వేసిన చిలగడదుంప ఈ ఏడు ఏపుగా పెరిగి, తీగలు గట్టు దాటి కాలువ వైపు పాకడంతో, దుంపలు బాగా ఊరి ఉంటాయనుకుని, పొయ్యి వెలిగించమని వదినకు చెప్పి, పార పట్టుకుని వాడితో కలిసి వెళ్లాను. తీగ పైకెత్తి తవ్వితే కింద దుంప లేదు. పక్కన తవ్వాను, అక్కడా లేదు. పళ్ల గాట్లు పడిన ఒక సగం దుంప, మణికట్టు దూరేంత కన్నం, దాని నోటి దగ్గర తోడిపోసిన పచ్చిమట్టి, ఇవే మిగిలాయి. పైన మాత్రం ఒక్క ఆకు కూడా వాడలేదు. నేను పందికొక్కుల వంశాన్నంతా శాపనార్థాలు పెడుతూ ఉంటే, వాడు నవ్వి, "బాబాయ్, దీన్ని మా దగ్గర బాండికూటింగ్ అంటారు" అన్నాడు.

ఆస్ట్రేలియాలో ఆ మాటకు అర్థం ఏమిటంటే, బంగాళాదుంప మొక్కను పీకకుండా, పైన ఆకు కదలకుండా, పక్కనుంచి మట్టిలోకి చెయ్యి పోనిచ్చి దుంపలు కాజేయడం. మడి పచ్చగానే కనిపిస్తుంది కనుక రైతుకు తవ్వే రోజు దాకా దొంగతనం తెలియదు. ఇప్పుడు పెరటి తోటలవాళ్లు తమ సొంత మొక్కల నుంచే రెండు లేతదుంపలు తీసుకుని, మిగిలినవి ఊరనివ్వడానికి కూడా అదే మాట వాడుతున్నారట.

ఆత్రేయపురం పూతరేకుల డబ్బా గుర్తుకు వచ్చిందా? పై వరుస చెక్కు చెదరకుండా అలాగే ఉంచి, కింది వరుసలన్నీ ఖాళీ చేసి, మూత మీద దారం కూడా మళ్లీ కట్టిన మహానుభావుడివి నువ్వు! వార్డెను గారు నిన్ను "ఒరేయ్ పందికొక్కూ" అన్నప్పుడు ఆయన ఎంత కచ్చితంగా మాట్లాడారో మనకు అప్పుడు తెలియలేదు.

ఎందుకంటే ఆ బాండికూట్ మన పందికొక్కే. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చిన హాబ్సన్-జాబ్సన్ అనే 1886 నాటి నిఘంటువులోనే అది తెలుగు మాట నుంచి పుట్టిందని రాసి ఉంది. మొదట ఇంగ్లీషులోనూ మన గట్లు తొలిచే ఈ పెద్ద ఎలుకకే ఆ పేరు. తరువాత ఆస్ట్రేలియా చేరినవాళ్లు, కోసుముక్కుతో నేలను తవ్వే అక్కడి జంతువును చూసి దానికి కూడా ఇదే పేరు తగిలించారు. జార్జ్ బాస్ అనే నౌకా వైద్యుడు 1799లోనే ఆ మాట వాడాడు. నిజానికి ఆ జంతువుకు ఎలుకతో చుట్టరికమే లేదు. అది కంగారూ లాగా సంచిలో పిల్లల్ని పెంచే జాతి, పైగా ఆ సంచి నోరు వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా! ఎక్కువగా పురుగులు తిని బతికే ఆ సాధువుకు మన దొంగ పేరు అంటగట్టి, ఆ పేరు నుంచి దొంగతనానికి ఒక క్రియాపదం కూడా పుట్టించడం అన్యాయమని నా అభిప్రాయం. అక్కడ "బాండికూట్ అంత దిగులుగా" అనే సామెత కూడా ఉందట. ఇంత నింద మోసే ప్రాణికి దిగులు కాక మరేముంటుంది?

మన ఎలుకకు మాత్రం పెద్దపీటే దక్కింది: 1873లో గ్రే అనే శాస్త్రవేత్త దాని ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టాడు. మన గట్టు మీద అది వినిపిస్తే ఏ రైతుకూ వివరించి చెప్పనక్కరలేదు.

నాకు నామవాచకం కన్నా క్రియే నచ్చింది. ఎవరైనా ఎక్కువ మెక్కితే పందికొక్కు అని తిట్టడం మనకు అలవాటే కానీ, పైకి పచ్చగా ఉంచి కింద ఖాళీ చేసే ఆ నేర్పుకు మనం విడిగా ఒక క్రియ కల్పించుకోలేదు. చిట్టీల పాట నడిపి పారిపోయిన మన పెద్దమనిషి చేసింది సరిగ్గా ఇదే కదా, ఆ లెక్కల పుస్తకం చివరి దాకా ఎంత శుభ్రంగా... సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు. "పందికొక్కించడం" అని నేను ఇంట్లో వాడి చూశాను. వదిన నవ్వింది, అన్నయ్య మాత్రం వ్యాకరణం ఒప్పుకోదన్నాడు. నువ్వు భాష చదివినవాడివి, నీ తీర్పు రాయి.

ఎలుకల బుట్టలు పెట్టే మనిషి వచ్చి వీధిలోంచి కేకేస్తున్నాడు. కన్నాలు నేనే చూపించాలి, ఎండెక్కితే అతను ఆగడు. మిగతా సంగతులు

నీ
కోనసీమ మిత్రుడు