వయా పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లు ఏమవుతున్నారు?

సంపాదకులు గారికి,

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ శిబిరాల గురించి జిల్లా పేజీల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. ఫలానా మండలంలో ఇన్ని వందల మందికి వయా పరీక్ష, అంటే ముఖద్వారానికి ఎసిటిక్ ఆమ్లం రాసి కంటితో చూసే పరీక్ష చేశారని ప్రతి వార్తలోనూ ఉంటుంది. వాళ్లలో ఎంతమందికి పాజిటివ్ వచ్చింది, అందులో ఎంతమందికి చికిత్స పూర్తయింది, ఎన్నాళ్లు పట్టింది అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఈ జబ్బుతో పోయే ప్రాణాలు తగ్గుతాయా లేదా అన్నది ఆ రాయని అంకెల మీదే ఆధారపడి ఉంది. అందుకే ఈ ఉత్తరం.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ వస్తోంది. దాదాపు 80,000 మంది చనిపోతున్నారు. దీనికి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ సోకిన దగ్గర నుంచి క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పది నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. పట్టుకోవడానికి ఇంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. అయినా 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా తేలలేదు. తమిళనాడులో పదికి దగ్గరగా ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఐదుగురి లోపే. గుజరాత్, అస్సాం, పశ్చిమ బెంగాల్‌లలో నూటికి ఒక్కరు కూడా లేరు. 2030 నాటికి నూటికి 70 మందికి పరీక్ష అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లక్ష్యం.

తెలంగాణలో 2023 మార్చి నుంచి ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారాల్లో నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలైంది. రెండూ మంచి పనులే. అయితే పరీక్షతోనే చావులు తగ్గిపోవు. దీనికి మన దేశంలోనే జరిగిన మూడు పెద్ద అధ్యయనాలు సాక్ష్యం. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు వయా పరీక్ష చేశారు. అవసరమైనవాళ్లకు అక్కడికక్కడే క్రయోథెరపీ, అంటే మచ్చను గడ్డకట్టించి పోగొట్టే చికిత్స ఇచ్చారు. ఒక్క విడత పరీక్షతోనే మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో ప్రకటించారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో మాత్రం ఒక్కసారి చేసిన వయా వల్ల చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. అక్కడే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష (వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష) జరిగిన ఊళ్లలో మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. ముంబయి బస్తీల్లో రెండేళ్లకోసారి చొప్పున నాలుగు విడతలు వయా చేస్తే మరణాలు 31 శాతం తగ్గాయి. అంటే వయా పనిచేయాలంటే చేసేవాళ్లకు చేయి తిరిగి ఉండాలి, మళ్లీ మళ్లీ చేయాలి, పాజిటివ్ వచ్చినామెకు వెంటనే చికిత్స దొరకాలి. మన శిబిరాల్లో ఈ మూడూ లోపిస్తున్నాయి. పట్నానికి దూరమయ్యే కొద్దీ మరీ లోపిస్తున్నాయి.

ఉపకేంద్రంలో ఏం జరుగుతుందో చూడండి. వయాకు పెద్ద సరంజామా అక్కర్లేదు. తలుపు వేసుకునే గది, కాళ్లు ఆనించుకునే బల్ల, గట్టి తెల్లటి వెలుతురు, లోపల కనిపించేలా తెరిచి ఉంచే స్పెక్యులమ్‌లు మూడు సైజుల్లో, దూది, 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటే చాలు. 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 5 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం పోస్తే ద్రావణం సిద్ధమవుతుంది. ఏ రోజుకు ఆ రోజే కలుపుకోవాలి. మూత సరిగా లేని సీసాలో నిలవున్న ద్రావణం బలం తగ్గుతుంది, దాంతో తెల్లమచ్చ తేలదు, పాజిటివ్ రావలసినామె నెగెటివ్ చీటీతో ఇంటికి వెళ్లిపోతుంది. నీళ్లు కలపకుండా సీసాలోది అలాగే రాస్తే లోపల కాలుతుంది. ఒక్కామెకు అలా జరిగిందంటే ఆ ఊరి నుంచి ఇంకో ఆడమనిషి పరీక్షకు రాదు.

ముందుగా ఆమెను మూత్రానికి వెళ్లి రమ్మనాలి. స్పెక్యులమ్ పెట్టాక జిగురును దూదితో మెల్లగా తుడిచి, ముఖద్వారం అంతా తడిసేలా ద్రావణం అద్ది, గడియారం చూసుకుంటూ నిండా ఒక నిమిషం ఆగాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఈ నిమిషం దగ్గరే. బయట నలభై మంది వరసలో ఉంటే నిమిషం కాస్తా ఇరవై సెకన్లవుతుంది. లోపలి పొర, బయటి పొర కలిసే గీతను ఆనుకుని, అంచులు స్పష్టంగా ఉన్న తెల్లమచ్చ కనిపిస్తేనే పాజిటివ్. పసుపుపచ్చ బల్బు వెలుతురులో అది తెలియదు. ఇన్‌ఫెక్షన్ వల్ల ఎర్రబడి, అక్కడక్కడా మసకగా తెల్లబడినదాన్ని పాజిటివ్ అనుకునే పొరపాటూ మామూలే. నెలసరి ఆగిపోయినవాళ్లలో ఆ గీత లోపలికి జారిపోతుంది, కంటికి అందదు. అలాంటప్పుడు రిజిస్టర్‌లో ‘నెగెటివ్’ అని రాయడం పెద్ద తప్పు. ‘గీత కనిపించలేదు’ అని రాసి హెచ్‌పీవీ పరీక్షకు పంపాలి.

స్పెక్యులమ్‌ల లెక్క ఎవరూ వేసుకోరు. వాడినదాన్ని 0.5 శాతం క్లోరిన్ ద్రావణంలో పది నిమిషాలు నానబెట్టి, తోమి కడిగి, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి చల్లార్చి తీసేసరికి గంట దాటుతుంది. పది స్పెక్యులమ్‌లున్న చోటికి ఆశాల చేత నలభై మందిని పిలిపిస్తే పరికరాల శుభ్రతైనా దెబ్బతినాలి, పరీక్షైనా దెబ్బతినాలి. ఆ తప్పు ఏఎన్ఎంది కాదు, లక్ష్యం పెట్టిన పై అధికారులది. పరీక్ష సరిగా జరుగుతోందో లేదో పట్టుకోవడానికి సులువైన మార్గం ఒకటుంది. వందల మందిని చూసిన చోట ఒక్క పాజిటివ్ కూడా రాకపోయినా, నూటికి ముప్పై వచ్చినా అక్కడ శిక్షణ మళ్లీ ఇవ్వాలి.

ఇక పాజిటివ్ వచ్చినామె సంగతి. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు, ముందు దశ మార్పు ఉండొచ్చని మాత్రమే. ఈ మాట చెప్పేవాళ్లు లేక భయంతో పరీక్ష సంగతే దాచిపెట్టేవాళ్లున్నారు. చింతపల్లి వైపు గూడెంలోనో, ఉట్నూరు వైపు గూడెంలోనో ఉన్న ఆమె చేతికి పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ ఇస్తారు. ఆ పూట కూలి పోతుంది, తోడు రావలసిన మనిషి కూలి కూడా పోతుంది. తీరా వెళ్తే స్త్రీల డాక్టరు ఆ రోజు డ్యూటీలో ఉండకపోవచ్చు, ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే కాల్పోస్కోప్ పనిచేయకపోవచ్చు. అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపితే రిపోర్టుకు మళ్లీ రమ్మంటారు. మూడు ప్రయాణాలు చేయగలిగిన పేద ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆమె రికార్డుల్లో ‘స్క్రీనింగ్ పూర్తయిన మహిళ’గానే మిగిలిపోతుంది.

దీనికి పరిష్కారం మచ్చను వేడితో పోగొట్టే థర్మల్ అబ్లేషన్ యంత్రం. చేతిలో పట్టుకునేంత ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది. క్రయోథెరపీకి కావలసిన గ్యాస్ సిలిండర్‌ను కొండ మీదికి మోసుకెళ్లే బాధ ఉండదు, సిలిండర్ ఖాళీ అయిందని నెలల తరబడి పని ఆగిపోయే బాధా ఉండదు. 100 డిగ్రీల దగ్గర 20 నుంచి 30 సెకన్లు ఆనిస్తే సరిపోతుంది, సాధారణంగా మత్తు అక్కర్లేదు. మచ్చ మొత్తం కనిపిస్తూ, లోపలి కాలువలోకి వెళ్లకుండా, ముఖద్వారంలో ముప్పాతిక భాగానికి మించకుండా, క్యాన్సర్ అనుమానం లేకుండా ఉంటేనే చేయాలి. మిగతావాళ్లను పై ఆసుపత్రికి పంపక తప్పదు, అది కూడా చీటీ ఇచ్చి వదిలేయడం కాకుండా వాహనంలో, ఫలానా రోజు ఫలానా డాక్టరు చూస్తారని ముందే మాట్లాడి పంపాలి. చికిత్స తర్వాత కొన్ని వారాలు నీళ్లలా స్రావం అవుతుందని, నెల రోజులు భర్తకు దూరంగా ఉండాలని ముందే చెప్పాలి. వీలైతే భర్తకూ చెప్పాలి. చెప్పకపోతే ఆ స్రావం చూసి, ‘మిషన్ పెట్టి జబ్బు తెచ్చారు’ అన్న మాట ఊరంతా పాకుతుంది.

హెచ్‌పీవీ పరీక్ష అయితే స్పెక్యులమ్ కూడా అక్కర్లేదు. స్త్రీ తనంతట తానే, తలుపు వేసుకుని, మెత్తటి బ్రష్ లేదా స్వాబ్‌తో నమూనా తీసుకోవచ్చు. 30 ఏళ్లు దాటాక ఐదు నుంచి పదేళ్లకోసారి చేయించుకుంటే చాలు. ఉస్మానాబాద్‌లో ఈ పరీక్ష నెగెటివ్ వచ్చినవాళ్లలో ఎనిమిదేళ్ల దాకా ఒక్కరు కూడా ఈ క్యాన్సర్‌తో చనిపోలేదు. టీబీ పరీక్షల కోసం ప్రభుత్వాసుపత్రులకు వచ్చిన ట్రూనాట్, సీబీనాట్ యంత్రాల మీదే హెచ్‌పీవీ పరీక్ష కూడా చేయవచ్చు, చిప్ లేదా కార్ట్రిడ్జ్ మాత్రం వేరేది కొనాలి. మొత్తం జనాభాకు ఒకేసారి కొనడం కష్టమైతే గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) మండలాలతో మొదలుపెట్టండి. పరీక్ష చేయగల నర్సులు, డాక్టర్లు తక్కువగా ఉన్నది అక్కడే.

మన రెండు రాష్ట్రాలకు సంబంధించి ఇంకో చేదు నిజం ఉంది. అదే ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిది మందికి పైనే. క్యాన్సర్ పరీక్ష చేరని ఊళ్లకు గర్భసంచి ఆపరేషన్ చేరిపోయింది. తెల్లబట్ట, నడుం నొప్పి అని వెళ్లిన ముప్పై అయిదేళ్ల ఆమెను ‘ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అని భయపెట్టి ఆపరేషన్ చేస్తున్నారు. వయా గానీ పాప్ స్మియర్ గానీ చేయకుండా ఆపరేషన్ బల్ల ఎక్కించడం ప్రమాదకరం. అప్పటికే క్యాన్సర్ ఉంటే ఆ మామూలు ఆపరేషన్ చాలదు, తర్వాతి చికిత్స క్లిష్టమవుతుంది. కొందరికి పైభాగం తీసి ముఖద్వారం వదిలేస్తారు. ‘నాకు గర్భసంచి లేదు’ అని వాళ్లు పరీక్షకు రారు, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. గర్భసంచి ఆపరేషన్‌కు ఆరోగ్య పథకాల్లో అనుమతి అడిగేటప్పుడు ముఖద్వార పరీక్ష రిపోర్టు తప్పనిసరి చేయాలి. డిశ్చార్జి కాగితంలో ముఖద్వారం తీశారో లేదో తెలుగులో రాసి ఇవ్వాలి.

హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ. హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. వాళ్లు మందుల కోసం ఏఆర్‌టీ కేంద్రానికి ఎలాగూ వస్తారు. 25 ఏళ్ల నుంచే, మూడు నుంచి ఐదేళ్లకోసారి, అదే రోజు అక్కడే పరీక్ష జరిగే ఏర్పాటు ఉండాలి.

ముదిరాక దొరికినవాళ్లకు రేడియేషనే ప్రధాన చికిత్స. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాల పాటు సుమారు 25 సిట్టింగులు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆపై లోపలి రేడియేషన్. మొత్తం ఎనిమిది వారాల్లో ముగియాలి, సాగిన కొద్దీ జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ వచ్చే దూరపు ఊళ్లవాళ్లు మధ్యలో మానేసేది డాక్టరు ఖర్చుకు భయపడి కాదు. ఆ ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద పోతుంది. రెండు నెలలు గదికి, తిండికి, ఇంటి దగ్గర పిల్లలను చూసేవాళ్లకు దారి లేక మానేస్తారు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ సిట్టింగులు అయ్యాక నొప్పి, రక్తం తగ్గుతాయి, నయమైపోయిందనుకుని లోపలి రేడియేషన్‌కు రారు. అది లేకపోతే చికిత్స సగమే. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపిస్తే రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ ప్రయాణం ఉచితమని, తోడు వచ్చే ఒకరికీ 75 శాతం రాయితీ ఉందని చాలామందికి తెలియదు. మొదటి రోజే ఆ కాగితం చేతిలో పెట్టాలి.

టీకా గురించి కూడా చెప్పాలి. 9-14 ఏళ్ల ఆడపిల్లలకు వేయాల్సిన హెచ్‌పీవీ టీకా ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. సిక్కిం 2018లోనే రాష్ట్రమంతా వేసి, 95 శాతానికి పైగా పిల్లలకు అందించింది. మనకు మాత్రం ఖమ్మం జిల్లా అనుభవం అడ్డుగా నిలిచి ఉంది. 2009లో అక్కడ దాదాపు 14,000 మంది బాలికలకు ప్రయోగాత్మకంగా టీకాలు వేశారు. కొందరు బాలికల మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. కానీ ఆశ్రమ పాఠశాలల్లో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. భద్రాచలం మన్యంలో ఈ టీకా మాట ఎత్తితే ఇప్పటికీ అనుమానంగా చూడటానికి కారణం అదే, వాళ్ల అనుమానంలో న్యాయం ఉంది. కాబట్టి ఆశ్రమ పాఠశాలల్లో టీకా వేసే ముందు సెలవులకు పిల్లలు ఇంటికి వెళ్లినప్పుడే, కోయ, గోండి వంటి వాళ్ల మాటల్లో చెప్పగలిగిన ఆరోగ్య కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి తల్లినో తండ్రినో అడగాలి. వద్దన్నవాళ్ల మీద ఒత్తిడి పెట్టకూడదు. టీకా వేశాక అరగంట పిల్లలను కూర్చోబెట్టి చూడాలి. ఆ తర్వాత జ్వరమొచ్చినా, కళ్లు తిరిగినా ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు కార్డు మీద రాసి తల్లిదండ్రులకు ఇవ్వాలి. వార్డెన్ సంతకం ఎక్కడా ఉండకూడదు.

ఇట్లు,
ప్రజారోగ్య, స్త్రీ వ్యాధుల విభాగాల్లో పనిచేస్తున్న కొందరు వైద్యులు, నర్సులు
విశాఖపట్నం