గ్లూటెన్ మానబోతున్న నా స్నేహితుడికి

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. రక్తపరీక్షలో టీటీజీ యాంటీబాడీలు బాగా ఎక్కువగా ఉన్నాయనీ, సీలియాక్, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు, అయ్యుండొచ్చని డాక్టరుగారు అన్నారనీ, ఎండోస్కోపీకి ఇంకా టైముంది కాబట్టి ఈలోగా గోధుమ మానేసి చూద్దామనుకుంటున్నాననీ రాశావు. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఇది విను. ఎండోస్కోపీ అయ్యేదాకా ఏదీ మానకు. రోజూ తినే గోధుమ తింటూనే ఉండు.

ఎందుకంటే ఆ పరీక్షలో వాళ్ళు చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. గ్లూటెన్ తింటున్నప్పుడే అక్కడ దెబ్బ కనిపిస్తుంది. ముందే మానేస్తే పేగు కాస్త కోలుకుంటుంది, యాంటీబాడీలు తగ్గుతాయి, రిపోర్టు ఎటూ తేలకుండా వస్తుంది. అప్పుడు జబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి మళ్ళీ వారాల తరబడి గోధుమ తినాల్సి వస్తుంది. మామూలుగా ఆరు వారాలైనా తినమంటారు. ఒకసారి మానేసి ఒళ్ళు తేలికపడ్డాక మళ్ళీ తినడం మహా కష్టం. అందుకే చెప్తున్నాను. జీవితాంతం పాటించాల్సిన విషయం కదా, అనుమానం మీద మొదలుపెట్టకు.

ఇక నీ రెండో ప్రశ్న. "నాకు కడుపునొప్పి లేదు, విరేచనాలు లేవు, రక్తం తక్కువ తప్ప ఇంకేమీ లేదు, ఇది నిజంగా పేగు జబ్బేనా?" అన్నావు. నేనూ అదే దారిలో వచ్చినవాణ్ణి కాబట్టి ఈ అనుమానం నాకు బాగా తెలుసు. ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగాను. మింగినన్నాళ్ళూ కాస్త పెరగడం, ఆపగానే పడిపోవడం. నోట్లో పుళ్ళు, మధ్యాహ్నం అయ్యేసరికి కాళ్ళు లాగడం. కడుపు మాత్రం ఎప్పుడూ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. పెద్దవాళ్ళలో ఇలా రావడం మామూలేనట. కొందరికి ఎముకలు బలహీనపడ్డాకే బయటపడుతుంది, కొందరికి మోచేతుల మీద, మోకాళ్ళ మీద దురద పొక్కులు వస్తాయి, కొందరికి పిల్లలు కలగడంలో ఇబ్బంది. ఏ లక్షణమూ లేకుండా రక్తపరీక్షలో దొరికేవాళ్ళూ ఉన్నారు.

లోపల జరిగేది ఏమిటంటే, చిన్నపేగు లోపలి గోడ మెత్తటి తువ్వాలులా ఉంటుంది, దాని నిండా సన్నటి పోగుల్లాంటివి లేచి ఉంటాయి. విల్లై అంటారు వాటిని. మనం తిన్న అన్నంలోని సారాన్ని లోపలికి లాగేవి అవే. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో ఉండే ఒకరకం ప్రొటీన్లను కలిపి గ్లూటెన్ అంటున్నాం కదా, సీలియాక్ ఉన్నవాళ్ళ ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువనుకుని, ఆ కొట్లాటలో సొంత పేగునే గాయపరుస్తుంది. విల్లై అరిగి చదునైపోతాయి. ఐరన్ మాత్ర వేసుకున్నా లాక్కునే చోటు పాడైపోయాక రక్తం ఎక్కడ పడుతుంది చెప్పు! అంటే నీ రక్తహీనతే నీ పేగు చెప్తున్న మాట. ఇది అలర్జీ కాదు, అరగకపోవడమూ కాదు. ఆటో ఇమ్యూన్ జబ్బు. ప్రపంచం మొత్తం మీద సుమారు నూటికి ఒకరికి ఉంటుంది, వాళ్ళలో చాలామందికి ఉన్నట్టే తెలియదు.

ఇంత చెప్పడానికి ఒక కారణం ఉంది. కడుపు నొప్పి లేనివాళ్ళకే ఈ పథ్యంలో ఎక్కువ ప్రమాదం. కొంచెం తిన్నా ఏమీ కాలేదు కాబట్టి నాకు పర్లేదు అనుకుంటారు. ఏమీ అనిపించకపోయినా పేగు లోపల దెబ్బ తగులుతూనే ఉండొచ్చు. కాబట్టి, నీకు ఏం అనిపించిందన్న దాన్ని కొలతగా పెట్టుకోకు. టీటీజీ పరీక్ష, ఐరన్, డి విటమిన్, బి12, ఫోలేట్, ఎముకల స్కాను, ఇవి నమ్ము. మొదటి ఏడాదిలో ఆర్నెల్లకోసారి యాంటీబాడీలు చూపించుకుంటే తగ్గుతున్నాయో లేదో తెలుస్తుంది. పేగు పూర్తిగా మానడానికి పెద్దవాళ్ళకి రెండేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఓపిక పట్టాలి. నాకు మాత్రం పేగు మానడానికి చాలా ముందే ఒంట్లో సత్తువ తిరిగొచ్చింది. మధ్యాహ్నం నిద్ర ఆపుకోలేక బల్ల మీద తల వాల్చే మనిషిని, సాయంత్రం మెట్లెక్కి డాబా మీదకి వెళ్ళి నడిచే స్థితికి వచ్చాను. నీకూ ఆ రోజులు రావాలని ఎంత కోరుకుంటున్నానో చెప్పలేను.

ఎంత గ్లూటెన్ ప్రమాదం అన్నది మనసులో బాగా పట్టించుకో. ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజుకి 10 మిల్లీగ్రాములు దాటకపోతే ఎక్కువమందికి హాని ఉండదని అంచనా. అంటే ఆ బ్రెడ్ ముక్కని రెండువందల భాగాలు చేస్తే అందులో ఒక్కటి. డబ్బాల మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం పెట్టింది కూడా ఈ లెక్కతోనే. అలాంటి సరుకు రోజుకి అరకిలో తిన్నా 10 దాటదు. ఇది తెలిశాక "కొంచెమే కదా" అనేవాళ్ళకి ఏం చెప్పాలో నీకే తెలుస్తుంది. బిస్కెట్టు పొడి రాలిన పళ్ళెం కూడా మనకి లెక్కలోకి వచ్చేదే.

అందుకే వంటింటి సంగతి కాస్త వివరంగా రాస్తున్నా, చెల్లెమ్మని కూడా పక్కన కూచోబెట్టుకుని చదువు. గ్లూటెన్ క్రిమి కాదు, వేడికి చావదు. ఎంత మరిగించినా, ఎంత వేయించినా అలాగే ఉంటుంది. సబ్బు, నీళ్ళు పెట్టి బాగా తోమితే పోతుంది. స్టీలు, గాజు సామానుతో గొడవ లేదు. చెక్క గరిటెలు, పిండి కలిపే చెక్క పీట, జల్లెడ, బ్రెడ్ కాల్చే టోస్టరు, వీటి సందుల్లో పిండి ఇరుక్కుంటుంది కాబట్టి నీకు వేరేవి ఉండాలి. మైదాలో ముంచినవి వేయించిన నూనెలో నీవి వేయించకూడదు. వెన్న, జామ్ సీసాలు కూడా నీకు వేరే పెట్టుకో, బ్రెడ్ మీద రాసిన చెంచానే మళ్ళీ సీసాలో ముంచుతారు ఎవరో ఒకరు. గోధుమపిండి గాలిలో ఎగిరి, గంటల తరబడి అటూ ఇటూ తిరిగి వాలుతుంది. అది కలిపే రోజు నీ వంట ముందే చేసి మూతపెట్టేస్తే హాయి. ఇంట్లో ఎవరూ గోధుమ తినకూడదని నియమం పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. నాకైతే అందరినీ కట్టిపడేయడం ఇష్టం లేక ఒక అలమరా, ఒక పొయ్యి వైపు నాకు కేటాయించుకున్నాను. ఇన్నేళ్ళుగా అది బాగానే నడుస్తోంది.

ఇక తినేవాటి సంగతికొస్తే, నువ్వు భయపడుతున్నంత కరువేమీ లేదు. బియ్యం, మొక్కజొన్న, జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, పప్పులన్నీ, బంగాళాదుంప, కూరగాయలు, పళ్ళు, పాలు, గుడ్లు, చేపలు, మాంసం, గింజలు. ఇవన్నీ పుట్టుకతోనే గ్లూటెన్ లేనివి. చిక్కంతా వాటికి ఏం కలిపారన్నదే. గోధుమలు ఆడించిన మరలోనే జొన్నలు ఆడిస్తే ఆ పిండి నీకు పనికిరాదు. గింజలు కొని, ఏరి, కడిగి ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీలో ఆడించుకోవడం మేలు. ఓట్స్ విషయంలో మాత్రం తొందరపడకు. వాటిలో ఉండే ప్రొటీను చాలామందికి పడుతుంది, కొద్దిమందికి పడదు. పైగా మామూలు ఓట్స్‌లో గోధుమ, బార్లీ కలిసిపోయి ఉంటాయి. యాంటీబాడీలు దిగాక, గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నవే, డాక్టర్ని అడిగి మొదలుపెట్టు.

డబ్బా వెనక చదవడం మొదట్లో తలనొప్పిగా ఉంటుంది, తర్వాత కళ్ళు వాటంతట అవే వెతుక్కుంటాయి. మైదా, బొంబాయి రవ్వ, సెమోలినా, డ్యూరమ్, స్పెల్ట్, ఇవన్నీ గోధుమ కుటుంబమే. మాల్ట్ అంటే దాదాపు ఎప్పుడూ బార్లీయే, అది చాక్లెట్లలో, పాలల్లో కలిపే పొడుల్లో, బ్రేక్‌ఫాస్ట్ సీరియల్స్‌లో దూరుతుంది. సోయా సాస్‌లో చాలావాటికి గోధుమ వేస్తారు. సూపులు చిక్కబడటానికి, సాసేజీలు పట్టి ఉండటానికి పిండి కలుపుతారు. "గోధుమ లేదు" అని రాసి ఉంటే సరిపోదు, బార్లీ ఉండొచ్చు. మాత్రల్లో వాడే స్టార్చ్ ఎక్కువగా మొక్కజొన్నదీ బంగాళాదుంపదీ, అయినా కొత్త మందు రాసినప్పుడల్లా ఫార్మసిస్టుని ఒక మాట అడుగు.

గ్లూటెన్ ఫ్రీ అని అమ్మే కేకులూ బిస్కెట్లూ చూసి సంబరపడిపోకు. అప్పుడప్పుడూ అయితే పర్లేదు. వాటిలో పీచు తక్కువ, చక్కెరా కొవ్వూ ఎక్కువ. పేగు బాగుపడ్డాక తిన్నదంతా ఒంటికి పట్టడం మొదలవుతుంది, వాటి మీద పడితే బరువు పెరుగుతావు. మొదటి కొన్ని నెలలు పాలు పడకపోతే కంగారుపడకు. పాలను అరిగించే ఎంజైము ఆ విల్లై కొసల్లోనే తయారవుతుంది. అవి తిరిగి ఎదిగితే చాలామందికి పాలు మళ్ళీ పడతాయి.

నీకు చరిత్రంటే ఇష్టం కదా, ఇది చదివినప్పటి నుంచి నీకు చెప్పాలనుకుంటున్నాను. 1888లో లండన్‌లో సామ్యూల్ గీ అనే డాక్టరు ఈ జబ్బుని వివరంగా రాశాడు, నయమంటూ అయితే తిండి మార్చడం వల్లే కావాలనీ అన్నాడు. ఏ తిండి అన్నది ఆయనకి దొరకలేదు. 1920ల్లో అమెరికాలో సిడ్నీ హాస్ పిల్లలకి అరటిపళ్ళ పథ్యం పెట్టాడు, చాలామంది కోలుకున్నారు కూడా. ఆ పథ్యంలో బ్రెడ్ లేకపోవడమే అసలు మందు, అది అప్పటికి ఎవరికీ తట్టలేదు. నెదర్లాండ్స్‌లో విల్లెమ్ డికె అనే పిల్లల డాక్టరుకి మాత్రం గోధుమ మీద ముందే అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో అక్కడ ఘోరమైన కరువొచ్చింది, బ్రెడ్ దొరకలేదు. చుట్టూ జనం ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బున్న పిల్లలు బాగుపడ్డారు. బ్రెడ్ మళ్ళీ రాగానే జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన దాన్ని సిద్ధాంత వ్యాసంగా రాశాడు. అంతకు ముందు ఎంతమంది పిల్లలు కారణం తెలియకుండా చిక్కి చిక్కి పోయారో తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. మనకి కారణం తెలుసు, దారీ తెలుసు. దీనికి మందు ఇంకా రాలేదన్నది నిజమే, కానీ తిండితోనే లోపల పేగు తిరిగి మొలకెత్తే జబ్బులు ఎన్నున్నాయి రా?

అన్నిటికన్నా కష్టం మనుషులతో. వంట నేర్చుకోవచ్చు, డబ్బాలు చదవచ్చు. ప్రేమగా వడ్డించినవాళ్ళకి వద్దని చెప్పడానికే మనసు ఒప్పదు. కొందరు నొచ్చుకుంటారు, కొందరు ఇదంతా ఫ్యాషన్ అంటారు. ఫ్యాషన్‌గా మానేవాళ్ళు ఉన్నమాట వాస్తవమే, దానివల్ల మన మాట చులకనవుతోంది, నాకు ఆ బాధ ఉంది. నేను పాటించే పద్ధతి చెప్తాను. ఎవరింటికైనా భోజనానికి వెళ్ళేముందు ఫోన్ చేసి, నాది ఇష్టాయిష్టాల సంగతి కాదు, జబ్బు అని ఒక్క ముక్కలో చెప్పేస్తాను. నా వంటకం ఒకటి నేనే పట్టుకెళ్తాను, అందరితో కలిసి కూర్చుని తింటాను. కూర్చోవడం మానేయకు, అది ముఖ్యం. హోటల్లో "గ్లూటెన్ ఉందా?" అని అడిగితే లేదనేస్తారు. "చిక్కబడటానికి పిండేమైనా వేశారా? సోయా సాస్ వేశారా? ఏ నూనెలో వేయించారు?" అని అడుగు. జవాబు తడబడితే లేచి వచ్చేయ్, మొహమాటపడకు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకసారి తెలియక తినేస్తావు. దానికి విరుగుడు లేదు. గ్లూటెన్‌ని అరిగిస్తాయని అమ్మే మాత్రల్ని నమ్మకు, అవి మనల్ని కాపాడవు. నీళ్ళు తాగి, తేలిగ్గా తిని, విశ్రాంతి తీసుకుని, మర్నాటి నుంచి మళ్ళీ పథ్యంలోకి వచ్చేయ్. ఇన్నాళ్ళ కష్టం గంగపాలైందని కుమిలిపోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. జబ్బు నీకు ఉందని తేలితే అమ్మకీ, మీ అన్నయ్యకీ, నీ పిల్లలిద్దరికీ రక్తపరీక్ష చేయించు. దగ్గరి రక్తసంబంధీకుల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది. చిన్నది వయసుకి తగ్గ ఎత్తు ఎదగట్లేదని బెంగపడుతున్నావు కదా, దానికి మాత్రం తప్పకుండా చేయించు. వాళ్ళెవరి విషయంలోనైనా పరీక్ష ముందు, పథ్యం తర్వాత.

డైటీషియన్‌ని కలవమంటే డబ్బు దండగ అనుకోకు. ఐరన్, కాల్షియం, పీచు ఎంత తింటున్నావో లెక్కవేసి చెప్పేది వాళ్ళే. నేను వాడే సరుకుల పట్టిక, నీకు సులువుగా ఉండే వంటలు కొన్ని విడిగా రాసి పంపుతున్నాను, చెల్లెమ్మ మీదే వేయకుండా నువ్వు కూడా గరిటె పట్టు. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వచ్చేయండి. ఆ వారమంతా వంట నాదే, దేని డబ్బా తిప్పి చూడకుండా కడుపునిండా తిందువు గాని.

నీ
స్నేహితుడు