గొంతులో వేలాడే ఎముక

ఒరే శీనూ,

మనిషికి మాట ఎప్పుడొచ్చిందో ఎముకలు చూసి చెప్పొచ్చా అని అడిగావు కదా, కొంతవరకే చెప్పొచ్చురా. ముందు నీ మెడ పట్టుకుని చూడు. గొంతు దగ్గర పొడుచుకొచ్చిన ముడికి కాస్త పైన, దవడ కింద, బొటనవేలూ చూపుడువేలూ చెరోపక్క ఆనించి గుటకవెయ్యి. గుర్రపునాడాలా వంగిన ఎముక ఒకటి పైకిలేచి దిగుతుంది. అదే హయాయిడ్. నాలుక మొదలు దాన్నే పట్టుకుని ఉంటుంది. మరే ఎముకతోనూ దానికి కీలు లేదు, కండరాల మీదే వేలాడుతుంది. అందుకే ఒళ్లు కుళ్లగానే ఊడిపోతుంది, సన్నది కాబట్టి త్వరగా పొడైపోతుంది. తవ్వకాల్లో దొరకడం మహా అరుదు.

1983లో ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో, దాదాపు 60,000 ఏళ్లనాటి నియాండర్తల్ (మనకు దగ్గరి చుట్టాలైన, అంతరించిపోయిన మానవజాతి) అస్థిపంజరంతో పాటు ఒక హయాయిడ్ దొరికింది. ఆకారం అచ్చం మనదే! ఇథియోపియాలోని డికికాలో దొరికిన 33 లక్షల ఏళ్లనాటి ఆస్ట్రలోపితికస్ (మనిషికి ముందుతరం జీవి) పాపది మాత్రం చింపాంజీ తరహా, నడుమ ఉబ్బి లోపల బోలుగా ఉంటుంది. చింపాంజీ గొంతులోని గాలిసంచి ఆ బోలులోకి చొచ్చుకొస్తుంది. ఆ సంచి ఉంటే అచ్చుల మధ్య తేడా స్పష్టంగా వినబడదు. స్పెయిన్‌లోని అటపుయెర్కాలో దొరికిన, సుమారు 4,30,000 ఏళ్లనాటి పాత మనుషుల హయాయిడ్‌లలో ఆ ఉబ్బు లేదు. అంటే సంచి అప్పటికే పోయిందన్నమాట.

అంతమాత్రాన ఆ పాత మనుషులు మాట్లాడారని తీర్మానించకు. 1971లో లీబర్‌మన్, క్రెలిన్ అనే పరిశోధకులు ఒక నియాండర్తల్ పుర్రె అడుగుభాగాన్ని బట్టి స్వరపేటిక ఎక్కడుండేదో లెక్కగట్టి, నియాండర్తల్‌లకు కొన్ని అచ్చులు పలకవన్నారు. పుర్రెను బట్టి స్వరపేటిక ఎంత కిందుందో తేల్చలేమని తర్వాత తెలిసింది. పైగా మాటకు గుర్తనుకున్న ఆ లక్షణం, అంటే స్వరపేటిక కిందికి దిగి ఉండటం, మగ ఎర్రజింకల్లోనూ ఉందని 2001లో చూపించారు. 2016లో ఫిచ్ అనే శాస్త్రవేత్త బృందం మకాక్ అనే జాతి కోతి నోటి కదలికలను ఎక్స్‌రేతో చిత్రీకరించింది. అర్థమయ్యే మాటలకు సరిపడా ధ్వనులు ఆ నోటితోనే పలకొచ్చని లెక్క తేలింది. కోతికి కొరత నోట్లో లేదురా, మెదడులో ఉంది. మన మెదడు నుంచి స్వరపేటికను నడిపే నాడీకణాలకు నేరుగా నాడీపోగులు వెళ్తాయి, కోతుల్లో అవి దాదాపు లేవు. అసలు చూడాల్సింది ఆ పోగులనే. కానీ అవి శిలాజాలుగా మిగలవు.

అందుకే కొందరు రాతి పనిముట్ల వైపు తిరిగారు. 2015లో 184 మందితో ఓ ప్రయోగం చేశారు: ఓల్డొవాన్ అనే తొలికాలపు పద్ధతిలో రాయి చెక్కడాన్ని కొందరు చూసి నేర్చుకున్నారు, కొందరికి సైగలతో, కొందరికి మాటలతో నేర్పారు. ఊరికే చూసినవాళ్లు పెద్దగా మెరుగుపడలేదు, మాటలతో నేర్చుకున్నవాళ్లు బాగా మెరుగుపడ్డారు. నాకు నచ్చిన ప్రయోగమే. కాకపోతే అందులో చెక్కినవాళ్లంతా పుట్టినప్పటి నుంచి మాటల్లో పెరిగినవాళ్లు. 25 లక్షల ఏళ్ల కిందట రాయి చెక్కిన చేతులకు కూడా మాటే దారి చూపిందని దాంతో రుజువు కాదు.

నీ,
రఘు